ఒక్క ఖాడా లేని ఏడాది

మా బడిలో జ్వరాలకు మంచి క్రమశిక్షణ ఉండేది. కార్ఖానాలో బీడీలు అప్పగించే రోజు పొద్దున వచ్చేవి, మర్నాటికల్లా తగ్గిపోయేవి. ముందురోజు సాయంత్రం గల్లీ అంతా ఎగిరి దూకిన పిల్లకు తెల్లారేసరికి కడుపునొప్పి, కాళ్లతీపులు, కళ్లు తిరగడం అన్నీ కలిసికట్టుగా వచ్చి పడేవి. సార్ హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలుస్తుంటే, రాని పిల్ల పక్కన కూర్చునే పిల్ల లేచి రోగం పేరు చెప్పేది. జ్వరం సార్. కడుపునొప్పి సార్. వాళ్లమ్మకు జ్వరం సార్, అందుకని ఈమెకు కడుపునొప్పి సార్. ఆయన తల ఎత్తకుండా అన్నీ రాసుకునేవారు. ఒకే తరగతిలో అంతమంది ఆడపిల్లలు ఒకేరోజు మంచాన పడితే వేరే ఊళ్లో అయితే డాక్టర్లు పరిగెత్తుకు వచ్చేవాళ్లేమో. మా పేటలో ఎవరూ కంగారుపడేవారు కాదు. ఆ రోగులంతా ఇళ్లలో చాట ముందు కూర్చుని బీడీలు చుడుతున్నారని సార్‌కూ తెలుసు, మాకూ తెలుసు.

ఇది షోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లో, ఎనభైల చివరి మాట. మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి అక్కడ పడ్డాడు. మా నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. బడి తెలుగు బడి, బయటి ఊరంతా మరాఠీ. ఇంట్లో మేము మాట్లాడేది ఏ భాషో చెప్పడం ఇప్పటికీ కష్టమే.

అక్క నాకన్నా రెండేళ్లు పెద్ద. నాలుగో తరగతిలో మొదటి నంబరు వచ్చింది. వచ్చిన వేసవిలోనే అమ్మ ఒక్కదాని చేతులతో ఇల్లు గడవదని తేలింది. అక్క సంచి గోడకు తగిలించి చాట ముందు కూర్చుంది. సార్ కొన్ని నెలలు దాని పేరు పిలిచారట, తర్వాత ఎర్ర సిరాతో ఒక గీత గీసి కొట్టేశారట. అది ఏడ్చిందో లేదో నాకు గుర్తు లేదు. నాకప్పుడు నా పలక తప్ప లోకం పట్టేది కాదు.

నేను ఆరో తరగతి దాటేసరికి నా వంతు వచ్చింది. అమ్మ నాకోసం ఒక కొత్త చాట కూడా కొనుక్కొచ్చింది. దాన్ని చూడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చి, అన్నం మానేసి, రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. మూడోరోజు నాయిన నా పక్కన కూర్చుని తీర్పు చెప్పాడు.

"సదువుకో. ఏడుల ఒక్క ఖాడా పడకుంట బడికి పోతే ఎనిమిదిల నేనే పేరు రాయిస్త. ఒక్కటి పడ్డా సంచి గోడకు, నువ్వు చాట ముందరికి."

ఖాడా అంటే కార్ఖానాలో పనికి రాని రోజు. పని చూసే మేస్త్రీ, ముకాదం, అతని దగ్గర ఒక వహీ, హాజరు పుస్తకం, ఉండేది, రానివాడి పేరుకెదురుగా అడ్డగీత పెట్టేవాడు. నెలలో గీతలు ఎక్కువైతే మగ్గం ఇంకొకడికి పోయేది. మా నాయిన పేరుకెదురుగా ఆ గీత ఎన్నడూ పడలేదు. మనిషి మంచివాడా కాదా అన్నది ఆయన దేవుడిని అడిగేవాడు కాదు, ఆ వహీనే అడిగేవాడు. అందుకే కూతురి చదువును కూడా అదే తూకంలో వేశాడు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. మార్కులు రావాలని అనలేదు కదా, రోజూ పోతే చాలన్నాడు కదా అనుకున్నాను.

ఆ ఏడాది నేను బడికి వెళ్లినట్టు ఎవరూ వెళ్లి ఉండరు. విరేచనాలతో వెళ్లాను. కాలికి మేకు గుచ్చుకుంటే గుడ్డ కట్టుకుని కుంటుకుంటూ వెళ్లాను. చిన్నత్త పెళ్లిరోజు పట్టులంగా మీదే బడికి వచ్చి, హాజరు పలికి, మధ్య గంట కొట్టగానే కొంతం చౌక్ దాకా ఒకటే పరుగు తీసి అక్షింతల వేళకు అందుకున్నాను. ఒకసారి ఎవరో పెద్దమనిషి పోయాడని సెలవు ఇచ్చిన సంగతి తెలియక వెళ్లి, తాళం వేసిన గేటు ముందు నిలబడి, నేను వచ్చినట్టు సాక్ష్యం చెప్పమని ప్యూన్‌ను బతిమాలాను. ఆయన నా మొహం చూసి జాలిపడి సరేనన్నాడు. సార్‌కు మాత్రం నా మీద అనుమానం మొదలైంది. అన్ని రోజులూ బడికి వచ్చే పిల్ల ఆయన ఉద్యోగంలో అంతవరకు తగల్లేదు. ఈ పిల్లకు ఏ రోగమూ రాదా అని ఒకరోజు గట్టిగానే అడిగారు. నిజంగా రోగం ఉన్నది నాకే అని ఆయన ఉద్దేశం కాబోలు.

రోగం మాఘమాసం దాటాక, పరీక్షలకు ఇంకా కొంత కాలం ఉందనగా, ఒక గురువారం పొద్దున వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. లేచి యూనిఫాం వేసుకుని, జడ సగం అల్లుకుని, గుమ్మం దాటబోయి అక్కడే కూలబడ్డాను. అమ్మ వచ్చి నన్ను లేపబోతూ చెవి వెనకాల చూసింది. నీళ్ల బొబ్బ. మెడ మీద ఇంకొకటి. ముందురోజు సాయంత్రమే నన్ను దున్నపోతని తిట్టిన మా అమ్మ, ఆ బొబ్బలు చూడగానే నాకు రెండు చేతులు జోడించి దండం పెట్టింది.

"అమ్మవారు పోసింది," అంది అక్కతో. "వేపమండలు తే."

ఇంట్లో అమ్మవారు ఉంటే ఆ ఇంటి పద్ధతే మారిపోతుంది. గుమ్మానికి వేపమండలు కట్టారు. నా పక్కలో వేపాకు పరిచారు. తాలింపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, సూది పట్టకూడదు, గోకకూడదు. రోగం అనకూడదు, మందు అడగకూడదు. పదకొండో రోజు స్నానం చేయించేదాకా గడప దాటకూడదు. అబద్ధపు జ్వరాలతో బడంతా ఇంట్లో కూర్చుంటే, ఒక్క నిజం జ్వరం వచ్చిన నేను బడికి పోతానని ఏడుస్తున్నాను. అమ్మ నన్ను తిట్టలేదు. అమ్మవారిని తిట్టినట్టవుతుందని భయం.

నాయిన రాత్రి పాళీ పని ముగించి ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ నన్ను చూశాడు. నేను నా తెలివంతా కూడగట్టి, ఇది మామూలు జ్వరం కాదు కదా, దేవత కదా, దేవత వస్తే ఖాడా కిందికి రాదు కదా అని అడిగాను. ఆయన చాయ్ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. దేవత అయినా ఖాడా ఖాడానే అన్నాడు. మూలనున్న కొత్త చాట కళ్లముందుకు వచ్చి నిలబడింది.

అప్పుడాయన అక్కవైపు తిరిగాడు.

"దీనికి బద్లీగ నువ్వు పో."

ఇది విని ఇప్పుడు ఎవరైనా నవ్వుతారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. కార్ఖానాలో మనిషి పనికి రాలేకపోతే, గంట కొట్టేలోపు తన బదులు ఇంకో మనిషిని పంపుతాడు. అతను బద్లీ. మగ్గం ఆగలేదు కాబట్టి ముకాదం గీత పెట్టడు. నాయినకు కామెర్లయినప్పుడు చిన్నాయిన పోయి ఆయన మగ్గం మీద నిలబడ్డాడు, వహీలో నాయిన పేరు శుభ్రంగా ఉంది. పేటలో ప్రతి ఇంట్లోనూ ఇదే రివాజు. మగ్గానికి పనికొచ్చిన న్యాయం బడికి ఎందుకు పనికిరాదు? నాకూ అది చాలా సబబుగా తోచింది. మా నాయినంత తెలివైనవాడు షోలాపూర్‌లో లేడని మనసులో గర్వపడ్డాను కూడా.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. అక్క చేయి ఇంట్లో అందరికన్నా చురుకు. అది బడికి పోతే బీడీలు ఎవరు చుడతారు? నాయిన నన్ను చూపించాడు. జ్వరం తగ్గాక పక్కలో కూర్చుని నేను చుట్టాలన్నమాట. అమ్మవారు పోసిన ఒంటితో తంబాకు ముట్టుకోవచ్చా అని అమ్మ చాలాసేపు బాధపడింది. చివరికి దేవతనే అడుగుతానని నా ముందు కళ్లు మూసుకుని నిలబడింది. దేవత ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని తేల్చారు.

అక్క పెరట్లోకి పోయి చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది. తంబాకు వాసన పోయిందేమో చూడమని నా ముక్కు దగ్గర పెట్టింది. పోలేదు, పోయిందన్నాను. నా నీలం లంగా దానికి పొట్టి. సూది పట్టకూడదు కనుక అంచు దించడానికి లేదు, నడుము కిందికి దించి కట్టుకుంది. బడి గంట కొట్టడానికి ముప్పావు గంట ముందే వెళ్లిపోయింది.

బడిలో జరిగింది నాకు అక్క సగం, నా పక్క బెంచీ పిల్ల సగం చెప్పారు. సార్ నా పేరు పిలిచారు. అక్క లేచి "హాజర్ సార్" అంది. ఆ ఏడాదిలో మొట్టమొదటిసారి ఆయన పట్టీలోంచి తల ఎత్తారట. తరగతిలో ఒక్కరూ నోరు మెదపలేదు. అందరూ మగ్గాల ఇళ్ల పిల్లలే, అందులో వింతేముంది? వెనక బెంచీ పిల్ల ఒకతి వంగి, ఎన్ని రోజుల బద్లీ అని మాత్రం అడిగిందట. సార్ కొంతసేపు అక్కను చూశారు. తర్వాత కలం మూత తీసి, నా పేరుకెదురుగా హాజరు వేశారు.

ఆయన ఎందుకు వేశారో నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక కారణం అందరికీ తెలిసినదే. తెలుగు బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు, తలలు తక్కువైతే ఆ తరగతిని ఎత్తేస్తారని ఆయనకు దిగులు. ఆయనకు కావలసింది బెంచీ మీద ఒక తల. ఇంకో కారణం కూడా ఉందేమో. అక్క పేరు మీద ఎర్రగీత గీసింది ఆ చెయ్యే కదా.

మూడోరోజుకు నా జ్వరం తగ్గింది. చాట నా ఒళ్లోకి వచ్చింది. నేను చుట్టిన బీడీలు నా జడలాగే ఉండేవి, ఒక చోట లావు, ఒక చోట సన్నం. కార్ఖానాలో సగం తీసి పారేశారు. అమ్మ పళ్లు కొరుక్కుంటూ, నన్ను ఒక మాట అని, వెంటనే అమ్మవారికి లెంపలు వేసుకునేది. రోజుకు పదిసార్లు ఇదే తంతు.

సాయంత్రం అక్క వచ్చేది. అది అంత మాట్లాడే మనిషని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. సంచి దించకముందే మొదలుపెట్టేది, భూగోళం, వ్యాకరణం, సార్ వేసిన జోకు, ఎవరు తన్నులు తిన్నారు. రెండో వారం మొదలయ్యేసరికి నన్ను దబాయించడం కూడా నేర్చుకుంది. "నీకు భిన్నాలు రావు. నీ వహీల అన్నీ తప్పులే ఉన్నయి, సార్ ముందట నా ఇజ్జత్ పోయింది," అంది. నా లెక్కలన్నీ చెరిపి మళ్లీ చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా బడి, నా బెంచీ, నా పేరు, పైగా నాకే ఇజ్జత్ గురించి పాఠం. వేపాకుల్లో పడుకుని దాన్ని చూస్తుంటే, ఇది నాకన్నా బాగా నేనుగా ఉంటోందని ఏడుపొచ్చేది. ఇది సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, నా అక్క సంతోషం చూసి నాకు భయమేసింది.

మంగళవారం బడికి తనిఖీ వచ్చింది. సాహెబ్ మరాఠీ మనిషి. మా తరగతికి వచ్చి, బడికి రోజూ ఎందుకు రావాలో చెప్పమన్నారు. ఒకతి గొప్పదాన్నవడానికి అంది. ఇంకొకతి దేశసేవకు అంది. మాకు నేర్పిన జవాబులు అవే. సాహెబ్ వేలు అక్కవైపు తిరిగింది. అది లేచి మరాఠీలో చెప్పింది.

"రాకుంటె పేరు కొట్టేస్తరు సాహెబ్."

సాహెబ్ పడిపడి నవ్వారట. సార్ నవ్వలేదట, కిటికీలోంచి బయటికి చూశారట. సాహెబ్ వాచకం ఇచ్చి చదవమన్నారు. అక్క ఎక్కడా తడబడకుండా పేజీ చివరిదాకా చదివి, ఆగకుండా పేజీ తిప్పబోతే చాలు చాలన్నారు. పేరు అడిగారు. అది నా పేరు చెప్పింది. ఆయన పట్టీ తెప్పించుకుని ఆ పేరు వెతికి, వరసగా ఉన్న హాజర్లు చూసి ముచ్చటపడి, ఈ అమ్మాయి క్రమం తప్పని రాక తోటి పిల్లలకు ఆదర్శమని బడి పుస్తకంలో రాసి సంతకం చేశారు. ఆ గడియలో ఆ ఆదర్శం ఇంట్లో పక్కలో కూర్చుని, గోక్కోకుండా ఉండడానికి తిప్పలు పడుతూ, వంకర బీడీలు చుడుతోంది.

శుక్రవారం సాయంత్రం సార్ మా ఇంటికి వచ్చారు. వేపమండలు చూసి గడప బయటే చెప్పులు విడిచి నిలబడ్డారు. నా పని అయిపోయిందనుకున్నాను. బద్లీ సంగతి ఆఫీసులో తెలిసిపోయింది, తొమ్మిది నెలల పరుగు వేపాకుల్లో కలిసిపోయిందనుకుని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఆయన మాట్లాడింది నా గురించి కాదు. పెద్దపిల్లను మళ్లీ చేర్పించమని నాయినను అడిగారు. కొట్టేసిన పేరు మళ్లీ రాసుకుంటానని, పైవాళ్లతో ఏం తిప్పలున్నా తానే పడతానని చెప్పారు. ఆయన గొంతు బడిలో గొంతులా లేదు. ఒక మనిషి తన తప్పును వాపసు తీసుకోవడానికి వచ్చినట్టు ఉంది.

నాయిన ఆయనకు ఎదురు చెప్పలేదు. ఇద్దరు పోతే చాట ముందు కూర్చునేవాళ్లు లేరు సార్, ఒక్కరిని పంపగలను, ఎవరిని పంపాలో మీరే చెప్పండి అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. ఆ లెక్క సార్‌కు తేలలేదు. నాయిన మా ఇద్దరివైపు తిరిగాడు.

"మీరే చెప్పుండ్రి బిడ్డా. ఎవరు పోతరు?"

దుప్పటి దించి అక్కను చూశాను. అది నన్నే చూస్తోంది. అక్క పోనీ అనే మాట నా నోట్లోనే ఉంది, నాలుక మీదే ఉంది. దాని భిన్నాలు, దాని చదువు, సాహెబ్ నవ్వు, అన్నీ నాకు తెలుసు. ఎవరికి ఆ బెంచీ తగునో ఆ ఇంట్లో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. నేను తల వంచుకుని మోచేతి మీద పొక్కు గోక్కున్నాను. అమ్మ అరుస్తుందేమోనని చూశాను, అమ్మ కూడా అరవలేదు. పక్కింటి మగ్గం టకటకమని కొట్టుకుంటూనే ఉంది. అక్క చాలాసేపు ఆగింది. నాకోసమే ఆగింది.

"నేను బద్లీని గద నాయినా," అంది చివరికి. "అసలు మనిషి లేసినంక బద్లీ దిగాలె."

నాయిన తల ఊపాడు. కార్ఖానా న్యాయం ప్రకారం అందులో తప్పు పట్టడానికేం లేదు. సార్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. శనివారం ఒంటిపూట బడికి అక్క ఎప్పటిలాగే ముప్పావు గంట ముందు వెళ్లింది.

ఆదివారం నాకు వేపాకు, పసుపు నీళ్లతో స్నానం చేయించి, ఇంట్లో తాలింపు వేశారు. సోమవారం నా సంచి నా భుజానికి వచ్చింది. అక్క దాన్ని సర్ది ఇస్తూ, శనివారం తెలుగు పాఠం సగంలో గంట కొట్టారని, నది మధ్యలో పడవకు చిల్లు పడిందని, తర్వాత ఏమైందో సాయంత్రం వచ్చి చెప్పమని అడిగింది. బడిలో సార్ నా పేరు పిలిచారు. నేను హాజర్ అన్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ పట్టీలోకి దించుకున్నారు. పాఠం ఆ రోజే అయిపోయింది. పడవలో వాళ్లంతా ఒడ్డుకు చేరారు.

సాయంత్రం అక్క అడిగితే, సార్ ఇంకా చెప్పలేదన్నాను. శుక్రవారం నుంచి దాని మొహం చూడలేకపోతున్నాను, ఆ చూడలేకపోవడం కోపంగా మారింది, అంతకన్నా వేరే కారణం లేదు. మంగళవారం మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. బుధవారం అడగలేదు. నా సంచిలో వాచకం ఉంది, కావాలంటే తీసి చదువుకోవచ్చు. దాన్ని అది ముట్టుకోలేదు.

ఏడాది చివర బడిలో సభ పెట్టారు. ఒక్కరోజు కూడా మానని పిల్ల అని నా పేరు చదివి, బంగారు రంగు అంచున్న కాగితం ఒకటి చేతిలో పెట్టారు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పక్కనున్నాయనకు మా బిడ్డ అని చెప్పుకున్నాడు. అక్క రాలేదు, అది బీడీలు అప్పగించే రోజు. ఇంటికి వచ్చి కాగితం చూపిస్తే, చేతులు పైటకు తుడుచుకుని అంచుల దగ్గర పట్టుకుని మొత్తం చదివింది.

"అందుల తొమ్మిది రోజులు నావి," అని నవ్వింది.

అవును అంటే నా నోటి ముత్యాలేం రాలిపోవు. నేను అనలేదు. మరక పడుతుందని కాగితం దాని చేతిలోంచి తీసేసుకున్నాను. జూన్‌లో నాయిన మాట నిలబెట్టుకుని, ఎనిమిదో తరగతిలో పేరు రాయించడానికి నన్ను ఒక్కదాన్నే వెంట తీసుకుపోయాడు.